ఆకలి ఎవరిది?

పుస్తకాల మీద సమీక్షలు వచ్చే ఈ పేజీల్లో కుందేళ్ళ మీద విమర్శ ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేను చెప్పబోయే కుందేళ్ళు కూడా ఒకరు రాసినవే. వాటి బొచ్చు రంగు, చెవుల తీరు, ఆకలి, సంతానం అన్నీ ఎవరో కూర్చుని అక్షరం అక్షరంగా రాసిపెట్టినవి. వాటిని కొనుక్కుని, మేపి, పిల్లలు పెట్టించి, ఆ పిల్లల్ని అమ్ముకుని, అవి పోతే బాధపడిన మనుషులు దేశదేశాల్లో ఉన్నారు. ఒక కల్పన మనుషుల చేత ఇంత పని చేయించిందంటే అది కథకు దగ్గరి చుట్టమే. కథను కొలిచే కొలతతోనే దాన్నీ కొలవవచ్చునని నా ఉద్దేశం. నేను చదివింది బి.కాం. చేసింది బ్యాంకు ఉద్యోగం. కనుక నా కొలబద్దలో కొంత ఖాతా పుస్తకం వాసన ఉంటే మన్నించాలి.

సెకండ్ లైఫ్ అనేది అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో తెరిచిన కంప్యూటర్ లోకం. ఇంటర్నెట్ ద్వారా అందులోకి వెళ్ళినవారు ఒక బొమ్మ రూపం ధరించి తిరుగుతారు. అక్కడి ఇళ్ళు, చెట్లు, బట్టలు ఆ జనమే తయారుచేసి ఒకరికొకరు అమ్ముకుంటారు. లిండెన్ డాలర్ అని నాణెం కూడా ఉంది. చాలా ఏళ్ళపాటు అటూ ఇటూగా 250 లిండెన్ డాలర్లకు ఒక అమెరికన్ డాలరు పలికింది. ఆ జనంలోనే కొందరు జంతువుల్ని తయారుచేశారు. వాటిలో బాగా పేరుపడినవి ఓజిమల్స్ అనే చిన్న సంస్థ వారి కుందేళ్ళు. ఆడదాన్నీ మగదాన్నీ ఒకచోట ఉంచి మేపుతూ ఉంటే కొన్నాళ్ళకు పిల్ల పుడుతుంది. దానికి తల్లి రంగు రావచ్చు, తండ్రి కళ్ళు రావచ్చు, ఇద్దరిలోనూ పైకి కనబడని తాతల లక్షణం ఒకటి బయటపడవచ్చు. అరుదైన రంగు పడితే మంచి ధర. మేత మాత్రం ఆ సంస్థ దగ్గరే కొనాలి.

ఈ లోకాన్ని నేను మొదట చూసింది మా అమ్మాయి భుజం మీదుగా. అది బెంగుళూరులో కాలేజీ చదువుకుంటున్న రోజులు. సెలవులకు హోసూరు వచ్చినప్పుడు కూడా రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ తెరిచి కుందేళ్ళకు మేత ఉందో లేదో చూసుకునేది. ఒకరోజు అడిగాను, "నెలకు ఎంతవుతుందమ్మా?" అని. లెక్క చెప్పింది. "ఖర్చు కనబడుతోంది గాని ఆస్తి ఎక్కడుంది?" అన్నాను. "నువ్వు లోన్లిచ్చిన ఎనుములకు కూడా ఇట్లాగే అడిగేవాడివా నాన్నా?" అంది. హాస్యానికే అంది గాని, ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1990ల్లో, ఒక పల్లె బ్రాంచిలో పనిచేశాను. ఐ.ఆర్.డి.పి. కింద ఆవులకూ ఎనుములకూ అప్పులిచ్చే కాలం అది. పశువు కొనగానే ఇన్సూరెన్సు వారి బిళ్ళ చెవికి వేయించాలి. ఆ నెంబరు మా ఫైల్లో ఉండాలి. పశువు చచ్చిపోతే బిళ్ళ తెచ్చి చూపించాలి. బిళ్ళ లేకుంటే క్లెయిము లేదు. ఒకనాడు ఒక పెద్దామె పాలిథీన్ సంచిలో ఎనుము చెవిని బిళ్ళతో సహా కోసి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నేను పిలిస్తే ఎంత దూరాన ఉన్నా తల తిప్పేది సారూ" అని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని వెంటనే, "డబ్బులు ఎన్నాళ్ళకొస్తాయి?" అని అడిగింది. అప్పుడు నాకు ఆ రెండో మాట మొదటిమాటను అబద్ధం చేసినట్టు తోచింది. నా వయసు చిన్నది. తరువాత్తరువాత తెలిసింది, ఆమె ఏడుపూ నిజమే, అడిగిన లెక్కా నిజమే అని. పశువును పెంచేవాళ్ళ ఇంట్లో ప్రేమా జమాఖర్చూ ఒకే పాకలో ఉంటాయి.

అందుచేత సెకండ్ లైఫ్ కుందేళ్ళను "డబ్బుతో ముడిపడ్డాయి గనుక నకిలీవి" అని కొట్టేయటం న్యాయం కాదు. ప్రాణం లేదు గనుక ప్రేమ ఉండదనటమూ కుదరదు. కథలో పాత్రకు మాత్రం ప్రాణం ఉందా? అయినా ఏడుస్తాం గదా! అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ జంతువుకు ఆకలి వేసినప్పుడు ఆ ఆకలి ఎవరిది?

ఎనుము ఆకలి ఎనుముదే. చొప్ప నిండుకుంటే ఆ పెద్దామె గట్టున గడ్డి కోసుకొస్తుంది. అదీ లేకుంటే పక్కింట్లో రెండు మోపులు అప్పు తెస్తుంది. ఆకలికి మందు నాలుగు చోట్ల ఉంది. ఓజిమల్స్ కుందేలు ఆకలి అటువంటిది కాదు. అది సంస్థవారి కంప్యూటర్లో తిరిగే ఒక గడియారం. దానికి మందు ఒక్క అంగట్లోనే దొరుకుతుంది, ఆ అంగడివాడే ఆకలిని రాసినవాడు. కథకుడు పాత్రకు ఆకలి పెడితే కథ నడవటానికి పెడతాడు. ఇక్కడ ఆకలి పెట్టింది అంగడి నడవటానికి.

ఈ సంగతి ఒకసారి కోర్టుదాకా కూడా వెళ్ళింది. 2010లో అమరెట్టో అనే మరో సంస్థ అదే లోకంలో పెంచుకునే గుర్రాలను అమ్మసాగింది. ఆ గుర్రాలు తమ కుందేళ్ళకు కాపీ అని ఓజిమల్స్ వారు ఫిర్యాదు చేశారు. గుర్రాలవారు కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. మేత అమ్మకం ఆగిపోతే కొనుక్కున్నవారి గుర్రాలు ఆకలితో పోతాయన్నది వారి వాదనలో ఒక భాగం. ఆ ఏడాది డిసెంబరులో కోర్టు, గుర్రాలను తీసివేయించకుండా తాత్కాలికంగా ఆపింది. లేని గుర్రానికి లేని మేత అందకపోతే కలిగే నష్టం న్యాయస్థానంలో నిజమైన నష్టంగా నిలబడిందన్నమాట. దీన్ని చదివి నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ చెవి బిళ్ళ గుర్తొచ్చింది.

తరువాత ఏడేళ్ళకు దెబ్బ కుందేళ్ళ మీదే పడింది. 2017 మే నెలలో, చట్టపరమైన ఒక తగాదా ఖర్చు మోయలేక ఓజిమల్స్ మూతపడింది. మేత ఇచ్చే కంప్యూటర్ ఆగిపోయింది. మూడు రోజుల్లో కుందేళ్ళన్నీ శీతనిద్రలోకి పోతాయని సంస్థ ప్రకటించింది. చావు అనలేదు, నిద్ర అంది. మాటను ఎంచుకోవటంలోనే రచయిత నిజాయితీ తెలుస్తుంది. మా బ్యాంకులో రెండేళ్ళు లావాదేవీలు లేని ఖాతాను నిద్రాణమైనదంటాం. ఖాతాదారు వచ్చి కాగితాలిస్తే మళ్ళీ లేస్తుంది, ఎందుకంటే బ్యాంకు అక్కడే ఉంది. బ్యాంకే ఎత్తేశాక ఖాతా నిద్రపోతోందనటం ఓదార్పు మాట. అందులో నిజం లేదు.

ఆ ప్రకటనలో ఒక మినహాయింపు ఉంది. అంతకు ముందే ప్రత్యేకంగా డబ్బు కట్టి "శాశ్వతం" చేయించుకున్న కుందేళ్ళు మిగులుతాయి. వాటికి మేత అక్కర్లేదు. అయితే ఆ శాశ్వత కుందేలు పిల్లలు పెట్టదు. మా అమ్మాయి కుందేళ్ళలో అట్లాంటిది ఒక్కటే ఉంది. ఆ వారం ఫోన్ చేసి, "ఒకటి మిగిలింది నాన్నా. కానీ దానికింక ఏమీ జరగదు" అంది. ఈ తరహా కల్పన మీద అంతకన్నా మంచి విమర్శ వాక్యం నేను చదవలేదు.

ఇట్లా కాకుండా మరోవిధంగా రాయవచ్చునా అంటే, అంతకు చాలా ముందే రాశారు. 1996లో ఇంగ్లండులో స్టీవ్ గ్రాండ్ రూపొందించిన క్రియేచర్స్ అనే ఆట వచ్చింది. అందులో నార్న్ అనే బొచ్చు జీవులుంటాయి. వాటికి జన్యువులు రాశాడు, శరీరంలో రసాయనాలు రాశాడు, చిన్న మెదడు రాశాడు. ఆకలి ఆ రసాయనాల్లోంచి పుడుతుంది. ముందు తిన్న అనుభవం బట్టి ఏది తినాలో నేర్చుకుంటుంది. పెరుగుతుంది, జత కడుతుంది, గుడ్డు పెడుతుంది, ముసలిదై చచ్చిపోతుంది. పిల్లలో కొత్త మార్పు ఒకటి పుడితే అది రచయిత కూడా అనుకోనిది కావచ్చు. ఆట మన కంప్యూటర్లోనే నడుస్తుంది గనుక మేతకోసం ఎవరి తలుపూ తట్టనక్కరలేదు. మనుషులు తమ నార్న్‌లను ఇంటర్నెట్ ద్వారా ఒకరికొకరు పంపుకుని సంకరం చేసుకున్నారు. ఇక్కడ చావు జీవి ఒంట్లోంచి వస్తుంది గాని అంగట్లోంచి రాదు. బొమ్మలు ముతకగా ఉండవచ్చు. రచన మాత్రం ఉన్నతమైనది.

ఇక మూడో రకం. 2017 నవంబరులో, అంటే కుందేళ్ళు నిద్రపోయిన ఆరు నెలలకు, క్రిప్టోకిట్టీస్ అనే పిల్లులు వచ్చాయి. ఇవి ఇథీరియం అనే క్రిప్టో లెక్కల వ్యవస్థ మీద నడుస్తాయి. ఒక్కొక్క పిల్లికి 256 బిట్ల సంఖ్య ఒకటి జన్యువుగా ఉంటుంది. ఆడ మగ భేదం లేదు, ఏదైనా తల్లి కావచ్చు, ఏదైనా తండ్రి కావచ్చు. ఈతకూ ఈతకూ మధ్య విరామం పెరుగుతూ పోతుంది. ఆ డిసెంబరులో జనం ఎగబడటంతో ఆ వ్యవస్థ మొత్తం నత్తనడక పట్టింది. 2018 సెప్టెంబరులో ఒక పిల్లి 600 ఈథర్లకు అమ్ముడుపోయింది. పిల్లి ఎవరిదన్న లెక్కను ఏ ఒక్క కంపెనీ చెరిపేయలేదని గొప్పగా చెప్పుకున్నారు. కుందేళ్ళవారికి దక్కని హామీ అదే, ఒప్పుకుంటాను. కాని ఈ పిల్లికి ఆకలి లేదు, దాహం లేదు, ముసలితనం లేదు, చావు లేదు. అది మ్యావు మననక్కరలేదు. దాని మీద హక్కు పత్రం ఉంది, దాని కింద పిల్లి లేదు. మా భాషలో చెప్పాలంటే చెవి బిళ్ళను భద్రంగా దాచి ఎనుమును మరిచిపోయారు.

కుందేళ్ళ పట్ల కూడా న్యాయంగా ఉండాలి. పిల్ల పుట్టేవరకు కాచుకుని ఉండటం, ఏ రంగు పడుతుందోనని ఇరుగుపొరుగు చేరి చూడటం, "నీ మగదాన్ని నా ఆడదానికి ఒకసారి ఇస్తావా?" అని అడగటం, ఇవన్నీ పశువులున్న ఊళ్ళ మర్యాదలే. ఎన్నడూ ముఖం చూసుకోని పరాయి దేశాలవారి మధ్య ఆ మర్యాదలను పుట్టించింది ఆ చిన్న సంస్థే. అది మామూలు విజయం కాదు. దోషమల్లా ఒక్కటే. పెంచేవాడి చేతికి అన్నీ ఇచ్చి మేత మాత్రం తన దగ్గర పెట్టుకుంది. మేత చేతిలో లేనివాడు ఎంత ప్రేమించినా పెంపకందారు కాడు, అద్దెదారే.

ఈ మాట మన పత్రిక పాఠకులకు నేను వేరే వివరించనక్కరలేదు. నార్న్‌ల గురించి ఒక సంగతి పైన చెప్పలేదు. దానికి మాటలు నేర్పవచ్చు. ఒక వస్తువు చూపి మనం ఏ పేరు టైపు చేస్తే అదే దాని పేరని నేర్చుకుంటుంది. కాని మాట జన్యువుల్లో దిగదు. తల్లికి ఎన్ని మాటలొచ్చినా గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మళ్ళీ మొదటినుంచి నేర్పాలి. స్టీవ్ గ్రాండ్ మన హోసూరును తలచుకుని రాసి ఉండడు. అయినా సరిహద్దుల్లో బతికే తెలుగువాళ్ళ ఇంటి లెక్క అందులో ఉంది. రంగు వస్తుంది, కళ్ళు వస్తాయి, ఇంటిపేరు వస్తుంది. మాట రాదు, ప్రతి తరానికీ మళ్ళీ పెట్టాలి. అదృష్టమేమంటే ఆ మేత ఏ అంగట్లోనూ కొననక్కరలేదు. ఎవరో మూతవేస్తే ఆగదు, మనం పెట్టకపోతేనే ఆగుతుంది. బడిలో తెలుగు తీసేశారని మనం చేసే ఫిర్యాదు న్యాయమైనదే. ఇంట్లో మేత వేయకపోవటానికి మాత్రం ఆ ఫిర్యాదు చాలదు. శాశ్వతం చేయించిన కుందేలులాగా, పెద్దవాళ్ళ నోట్లో చెక్కుచెదరకుండా ఉండి, పిల్లలు పెట్టని తెలుగును నేను చాలా ఇళ్ళల్లో చూశాను. మా ఇల్లు కూడా కొన్నాళ్ళు అట్లాగే ఉండింది.

ఇప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళ పాప. బెంగుళూరులోనే ఉంటారు. మొన్న బొమ్మల పుస్తకంలో కుందేలును చూపించి ఏమిటని అడిగితే పాప "మొల" అంది. కన్నడంలో అంతే, తప్పేమీ లేదు. మా అమ్మాయి "కుందేలు" అంది. పక్కనున్న మా అమ్మ ఊరుకోలేక "చెవులపిల్లి" అంది. పాప మూడూ ఒకదాని వెంట ఒకటి అని చూసుకుని, మూడోదానికి నవ్వింది. ఆ రాత్రి మా అమ్మాయి కంప్యూటర్ తెరిచి తన పాత శాశ్వత కుందేలును పాపకు చూపించబోతే, పాప దాన్ని ఒక్క నిమిషం చూసి, "దీనికి బువ్వ పెట్టవా?" అని అడిగింది.