చుక్క నూనె, నెల రోజుల మెరుగు

గుజరాత్‌లోని ఖంభాత్ పట్టణంలో అకీకు పూసలకు ఒకప్పుడు మనుషులే కాళ్లతో మెరుగు పెట్టేవారు. పూసలు, గరుకు పొడి, నీళ్లు తోలుసంచిలో పోసి మూతి బిగించేవారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆ సంచిని రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవారు. కెనోయర్, విడాలే, కులదీప్ భాన్ 1991లో ప్రచురించిన పరిశోధన వ్యాసం ఖంభాత్ పూసల పనిని వివరంగా చెబుతుంది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాటి రాతిపూసలను చూసినప్పుడల్లా, వాటి నునుపు వెనక ఎంత ఒంటిచాకిరీ ఉందో అనిపిస్తుంది నాకు.

ఖంభాత్‌లో తోలుసంచి పోయి డ్రమ్ము వచ్చింది, కాళ్ల పని మోటారు అందుకుంది. అమెరికాలో ఇళ్లలో సరదాగా రాళ్లు నునుపు చేసే చిన్న యంత్రాలదీ అదే పద్ధతి. రెండు రోలర్ల మీద రబ్బరు డ్రమ్ము తిరుగుతుంది, బెల్టు వాటిలో ఒక రోలరును తిప్పుతుంది, బెల్టును మోటారు లాగుతుంది. ముతక సిలికాన్ కార్బైడ్ పొడితో ఒక వారం, దానికన్నా సన్నపు పొడితో మరో వారం, ఇంకా సన్నపుదానితో ఇంకో వారం, చివర అల్యూమినియం ఆక్సైడ్‌తో మెరుగు. మొత్తం నెల పని, రాత్రీ పగలూ. మోటారు నిమిషానికి 1400 చుట్లు తిరుగుతుందనుకుంటే రోజుకు 20 లక్షలు దాటుతాయి. ఇంట్లో మిక్సీకి గానీ గ్రైండరుకు గానీ ఇంత చాకిరీ ఉండదు. మధ్యలో మోటారు ఆగిపోయి ఎవరూ చూసుకోకపోతే డ్రమ్ములోని రాతిబురద అడుగున పేరుకుని గట్టిపడుతుంది.

అందుకే మోటారుకు నూనె వేయడాన్ని నేను మరమ్మతు పనిగా చూడను. అది మెరుగు పనిలోనే ఒక భాగం.

చిన్న మోటార్లలో చాలావాటికి బాల్ బేరింగులు ఉండవు, షాఫ్టుకు రెండు వైపులా కంచు బుష్‌లు ఉంటాయి. కంచు పొడిని అచ్చులో నొక్కి, వేడిచేసి వీటిని తయారు చేస్తారు కాబట్టి లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలే. వాటి నిండా నూనె పట్టిస్తారు. షాఫ్టు తిరిగి వేడెక్కితే ఆ నూనె ఊరి, షాఫ్టుకూ బుష్‌కూ మధ్య పలుచని పొరగా నిలుస్తుంది. మోటారు ఆగి చల్లబడితే చాలావరకు తిరిగి రంధ్రాల్లోకి ఇంకుతుంది. బుష్ చుట్టూ ఉండే ఫెల్టు ముక్క అదనపు నిల్వ. నెలల తరబడి వేడికి ఈ నిల్వ తరిగిపోతుంది. మొదట మోటారు సన్నగా కీచుమంటుంది, తర్వాత షాఫ్టు వదులై ఆడుతుంది, చివరికి పట్టేస్తుంది. పట్టేసిన మోటారుకు కరెంటు అలాగే అందుతుంటే లోపలి తీగచుట్ట కాలిపోతుంది.

నూనె వేసే ముందు ప్లగ్గు తీయాలి, షాఫ్టు చుట్టూ పేరుకున్న దుమ్మును పొడిగుడ్డతో తుడవాలి. నూనె రంధ్రం ఉంటే అందులో, లేకపోతే షాఫ్టు బుష్‌లోకి దూరే చోట ఫెల్టు మీద, ఒకటి రెండు చుక్కలు చాలు. చేత్తో షాఫ్టును నాలుగైదు చుట్లు తిప్పితే నూనె లోపలికి పాకుతుంది. డిటర్జెంటు కలపని 20 నంబరు నూనె దీనికి సరిపోతుంది. కొబ్బరినూనె, వంటనూనె వేడికి జిగురై రంధ్రాలను మూసేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఉన్న నూనె కూడా కడుక్కుపోతుంది. సీలు వేసిన బాల్ బేరింగు మోటారైతే పైనుంచి నూనె పోసి లాభం లేదు. అరిగినప్పుడు బేరింగునే మార్చాలి.

ఎక్కువ నూనె కూడా చేటే. కారిన నూనె బెల్టుకు అంటితే బెల్టు జారుతుంది. రోలరు బుష్‌ల దగ్గర నిలిస్తే, డ్రమ్ము మూత నుంచి చిమ్మిన గరుకు పొడి దానికి అంటుకుంటుంది. రాళ్లను అరగదీసే ఆ ముద్దే అప్పుడు షాఫ్టును కూడా అరగదీస్తుంది. కాబట్టి మూత అంచును శుభ్రంగా తుడిచి బిగించడం మోటారు సంరక్షణ కిందికే వస్తుంది. బెల్టును అతిగా బిగిస్తే బరువంతా బుష్‌కు ఒక పక్కనే పడి అది కోలగా అరుగుతుంది. వేలితో నొక్కితే బెల్టు కాస్త లోపలికి పోయేలా ఉండాలి. డ్రమ్మును కూడా అతిగా నింపకూడదు. యంత్రం మీద గుడ్డ కప్పి గాలి ఆడకుండా చేస్తే మోటారు వేడి పెరిగి నూనె ముందే ఎండిపోతుంది. చప్పుడు భరించలేకపోతే అడుగున రబ్బరు షీటు పరవండి. ఒక్కో దశ ముగిసి రాళ్లు కడగడానికి డ్రమ్మును ఎలాగూ దించుతారు, బుష్‌లను తుడిచి చూసుకోవడానికి అదే అదను.