పాపం ఎవరిది?

బళ్లో ఏది పోయినా ముందు నా సంచే వెతికేవాళ్లు. ఆదివారం మా గూడెం గుడిలో మోకరించి, చెయ్యని దొంగతనానికి క్షమించమని ప్రభువుని ఏడుస్తూ అడిగేవాణ్ణి. బామ ఆత్మకథ 'కరుక్కు' (1992) చదివాకగాని ఆ ఏడుపు నాకర్థం కాలేదు.

తమిళనాట ఏడో తరగతి చదివే బామ మీద కొబ్బరికాయ దొంగతనం మోపారు. ఫాదర్ దగ్గరికెళ్తే, చేరి పిల్లవి, చేసే ఉంటావన్నట్టే మాట్లాడాడు. కులం చేసిన గాయానికి గుడి పాపమని పేరు పెడితే పసిమనసు నమ్మేస్తది.

ఈ పుస్తకంలో జరిగిందే మళ్లీ మళ్లీ వస్తది. అది లోపం కాదు. అలాంటి గాయం ఒక్కసారి చెప్తే తీరదు.

బామ కన్యాస్త్రీల మఠంలో ఏడేళ్లుండి బయటికొచ్చింది. విడిచింది మఠాన్ని, అణగారినోళ్ల పక్షాన నిలిచిన యేసుని కాదు. నేనూ ఇప్పుడు ప్రార్థిస్తా. కానీ క్షమాపణ అడగను, న్యాయం అడుగుతా.