సావిత్రీశక్తివిచారము

పలనాటిసీమలో, నడికుడి మొదలుకొని కారెమపూడి వఱకుఁ గల గ్రామములయందు, స్త్రీల ధైర్యమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు రెండు పేరులు వెంటవెంట వినఁబడును. ఒకటి సావిత్రి, రెండవది మాంచాల. సావిత్రి యముని వెనుక నడచి మగనిఁ దెచ్చుకొనెను. మాంచాల బాలచంద్రునిఁ గారెమపూడి రణమునకుఁ బంపెను. అతఁడు మరలి రాలేదు. ఒకతె భర్తప్రాణము నిలిచినది, వేఱొకతె భర్తప్రాణము పోయినది. అయినను జను లిరువురను సమానముగానే కొనియాడుదురు. ఇది లోకుల యవిచారమా, లేక శాస్త్రజ్ఞులు మఱచిన వివేకమా యని తేల్చుటకు ముందు తెలియవలసిన దొక్కటి కలదు: సావిత్రి యే శక్తిచేత సత్యవంతుని రక్షించెను?

సాధారణముగా నీ ప్రశ్నకు వచ్చెడి సమాధానము "పాతివ్రత్యమహిమచేత" ననునదే. వినుటకు నిది స్తుతివలె నుండును. కాని దీని ఫలిత మాలోచించినఁ గ్రూరము. మహిమ కలది మగనిఁ గాపాడుకొనునేని, మగఁడు పోయిన ప్రతి స్త్రీయు మహిమ చాలనిదే కావలెను గదా. ఈ మాట నే ధర్మశాస్త్రకారుఁడును సూత్రీకరింపకపోయినను, విధవాగృహముల ముంగిట నిరుగుపొరుగువారి నోట నది చిరకాలము వినఁబడినది. గాన సావిత్రీశక్తిని విచారించుట కేవలసాహిత్యవినోదము గాదు.

మూలకథను మొదటినుండి చూతము. మద్రదేశాధిపతి యగు నశ్వపతి సంతానార్థియై పదునెనిమిదేండ్లు సావిత్రీదేవి నారాధించెను. దేవి యగ్నినుండి వెలువడి కూఁతురు కలుగునని వరమిచ్చెను. పుట్టిన బాలికకు దేవిపేరే పెట్టఁబడినది. ఈమె యౌవనమునఁ బ్రవేశించునప్పటికిఁ దేజస్సుచేత జ్వలించుచున్నట్లుండెననియు, ఆ తేజస్సునకు వెఱచి యే రాజకుమారుఁడును నామెను వరింపలేదనియు వ్యాసుఁడు చెప్పెను. అందుచేతనే తండ్రి, వరుని నీవే వెదకికొమ్మని, వృద్ధమంత్రులను వెంటనిచ్చి రథముమీఁద నంపెను. కథారంభమున నామె మానవకన్యకంటె దేవతాంశ యధికముగాఁ గల కన్య యనుట స్పష్టము. అయితే యా దివ్యత్వ మామెకు సుఖహేతువు గాలేదు. ఇతరులను దవ్వుగా నిలుపుటకు మాత్ర ముపయోగపడినది.

ఇంతటినుండి యా తేజస్సు క్రమముగాఁ దగ్గుచు వచ్చుట గమనింపఁదగును. రాజ్యభ్రష్టుఁడును నంధుఁడును నగు ద్యుమత్సేనుని కుమారుఁడు సత్యవంతుఁ డామెచేత వరింపఁబడెను. అతఁ డొక్కయేఁట మృతి నొందునని నారదుఁడు చెప్పినను నామె మాట మార్చుకొనలేదు. వివాహ మైన వెంటనే యాభరణములు తీసివైచి నారచీరలు కట్టెను. అత్తమామలకు సేవచేయుచు నారదవాక్యమును మనస్సునందే దాఁచుకొని దినములు లెక్కించెను. నాల్గు దినములు మిగిలియుండఁగాఁ ద్రిరాత్రవ్రతముఁ బట్టి రాత్రింబవళ్ళు నిలిచియుండెను. అప్పుడామె కట్టెవలెఁ గనఁబడెనని కవి వర్ణించెను. జ్వలించు కన్య యెక్కడ, కట్టెవలె నిలిచిన కోడలెక్కడ! తేజస్సుచే రాజకుమారులను వెఱపించినది, మగని వెంట నడవికిఁ బోవుటకు సయితము మామగారి యనుజ్ఞ నడుగవలసినదయ్యెను.

ఇచ్చటఁ బూర్వపక్షులు రెండు హేతువులు చూపుదురు. భారతమునందీ యుపాఖ్యానము గల యుపపర్వమునకుఁ బతివ్రతామాహాత్మ్యమనియే పేరు గదా యనునది యొకటి. నీవు పతివ్రతవు, తపస్సు కలదానవు గావున నీతో మాటలాడుచున్నానని యముఁడే పలికెను గదా యనునది రెండవది. ఈ రెండును సత్యములే. కాని తపస్సు ఫలించిన దెంతవఱకో కొలిచి చూడవలెను. తపస్సుచేత నామె యముని జూడఁగలిగెను, అతని వెనుక నడవఁగలిగెను. అంతకు మించి దానిచేత నేమియు జరుగలేదు. యముఁడు సత్యవంతుని శరీరమునుండి యంగుష్ఠమాత్రపురుషునిఁ బాశముతోఁ గట్టి లాగునప్పుడామె మహిమ యడ్డు రాలేదు. అతఁడు దక్షిణదిక్కునకుఁ బోవునప్పుడామె శాపవాక్య మొక్కటి పలుకలేదు. తపస్సు తలుపు తెఱచినది. లోపల జరిగిన వ్యవహారము వేఱు.

ఆ వ్యవహారము వాక్కు. ఏడడుగులు కలిసి నడచినవారికి స్నేహ మేర్పడునని పెద్దలందురు, ఆ స్నేహము ననుసరించి యొకమాట చెప్పెదనని యామె యారంభించెను. పాణినియు సాప్తపదీన శబ్దమును సఖ్యార్థమునందే సాధించెను. వివాహమున నే యేడడుగులచే భర్త లభించెనో, ఆ యేడడుగుల న్యాయమునే మృత్యువునకును వర్తింపఁజేసి యామె యతనిని మిత్రునిగాఁ జేసికొనెను. ఇది మహిమ గాదు, యుక్తి. యముఁడు మొదటి వర మిచ్చుచు మెచ్చుకొన్న దేదియో కూడఁ జూడవలెను. స్వరములును నక్షరములును వ్యంజనములును హేతువులును గూడిన పలుకునకు సంతసించితినని యతఁడనెను. రూపమునకుఁ గాదు, కన్నీటికిఁ గాదు, వ్రతమునకును గాదు. ఉచ్చారణశుద్ధియు హేతుశుద్ధియుఁ గల వాక్యమునకు మృత్యుదేవత మెచ్చిన ఘట్ట మిది. వ్యాకరణమును నిష్ప్రయోజనమని నిందించువారు దీనిని మఱల మఱలఁ జదువవలెను.

వరముల క్రమమునందును నీ వాక్పాటవమే కనఁబడును. మామగారి చూపు మొదటిది, ఆయన రాజ్యము రెండవది, తన తండ్రికి నూర్గురు కొడుకులు మూఁడవది, తనకు సత్యవంతునివలన నూర్గురు కొడుకులు నాల్గవది. ఈ నాల్గింటికిని యముఁడు "ఇతని జీవితము దక్క" నను నర్థము గల వినాశబ్దము నొకటి తగిలించుచు వచ్చెను. ఉత్సర్గమునకు నపవాదమువలె నది ప్రతివరముతోను నడచినది. అయిదవవర మిచ్చునప్పుడు మాత్రము, ధర్మప్రసంగమునకుఁ గరఁగియో, నాల్గవవరముచేఁ దానే చిక్కుకొంటినని యెఱుఁగకయో, యముఁ డా శబ్దమును విడిచెను. ఆమె వెంటనే పట్టుకొని, తక్కిన వరములందుఁ గల మినహాయింపు దీనియందు లేదు గదా యని తెలిపి, సత్యవంతుఁడు జీవించుఁగాక యని కోరెను. ఒక్క యవ్యయపదము లేకపోవుట కనిపెట్టిన చెవి యామెది. ఆ చెవి లేనిచో నే మహిమ యుండియు నిష్ఫలమే.

కాబట్టి కారకవిభాగ మిట్లు చేయవచ్చును. ప్రాణమును విడిచినవాఁడు యముఁడు, విడిపించినది సావిత్రి. విడుచుట యను క్రియకు యముఁడు స్వతంత్రకర్త, సావిత్రి ప్రయోజకకర్త. ప్రయోజకునికి హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలను బాణిని విధించెను. అద్భుతము యమునిపక్షమున నున్నది, ప్రేరణ మామెపక్షమున నున్నది. సవితృశబ్దమునకు మూలమగు ధాతువున కర్థము ప్రేరణమే. తల్లిదండ్రులు దేవతపేరని పెట్టిన పేరు, దేవతాతేజస్సు తగ్గిన పిమ్మట, ధాత్వర్థముచేత సార్థకమైనది. శక్తి క్షయింపలేదు, పరిణమించినది. జ్వాలగా నున్నది వాక్కైనది.

ఈ యుపాఖ్యానము చెప్పఁబడిన సందర్భము నీ యర్థమునే బలపఱచును. ద్యూతమునఁ జిక్కిన మమ్ము ద్రౌపది తరింపఁజేసెను, ఇట్టి స్త్రీ మఱియొకతె కలదా యని ధర్మరాజడుగఁగా మార్కండేయుఁడు సావిత్రికథ చెప్పెను. ద్రౌపది సభలోఁ దన భర్తల దాస్యమును దప్పించిన దేమిచేత? తన్నొడ్డినవాఁడు ముందుగాఁ దన్నోడెనా యను ప్రశ్నచేతను, ధృతరాష్ట్రునివలనఁ బొందిన వరములచేతను. ఆమెయు వరములను మితము తప్పక కోరి, మూఁడవదానిని వలదనెను. ఇరువురును బలవంతుని యెదుట శస్త్రము లేక నిలిచి, ధర్మము నతనికే చూపి, అతని నోటనే విడుదల పలికించినవారు. ఉపమానోపమేయములకు సాధారణధర్మ మీ వాక్ఛక్తియే కాని వేఱొకటి గాదు.

మహిమచేతనే జరిగిన కథ యెట్లుండునో తెలియుటకు మార్కండేయపురాణము చూడవలెను. మారన దానిని దెనిఁగించియున్నాఁడు. అందుఁ గౌశికుఁడను కుష్ఠరోగి భార్య, మగనిని భుజములపై మోయుచు రాత్రివేళ వేశ్యాగృహమునకుఁ దీసికొనిపోవుచుండఁగా, త్రోవలో నతనిచేఁ దాఁకఁబడిన మాండవ్యుఁడు సూర్యోదయమునకు వాఁడు చచ్చునని శపించెను. సూర్యుఁ డుదయింపకుండుఁగాక యని యామె పలుకఁగానే యుదయము నిలిచిపోయినది. లోకము తల్లడిల్లఁగా ననసూయ వచ్చి యామె నొప్పించి యుదయము గావించి, చచ్చిన కౌశికుని బ్రదికించెను. ఇది మహిమాకథ. ఇచ్చట నొకతె రక్షణకై లోకమంతయుఁ జీఁకటి ననుభవించినది. సావిత్రికథయం దొక్క ప్రాణియు నట్టి బాధ నొందలేదు. ఆమె గెలుపువలన గ్రుడ్డివానికిఁ జూపు వచ్చెను, పుత్త్రులు లేనివానికిఁ బుత్త్రులు కలిగిరి.

యముఁడు వెడలిన తరువాతి భాగమును మన కథకులు తఱచుగా విడిచిపెట్టుదురు. మూలమున నది మిక్కిలి శ్రద్ధతో వ్రాయఁబడినది. సత్యవంతుఁడు మేలుకొనెను గాని నడచుటకు సత్తువ లేదు. చీఁకటి పడినది. ఈ రాత్రి యిచ్చటనే నిలుతమా యని యామె యడిగినది. తల్లిదండ్రులకొఱ కతఁడు తహతహపడెను. అప్పుడామె పండ్లబుట్టను జెట్టుకొమ్మకుఁ దగిలించి, గొడ్డలి తాను బట్టుకొని, అతని చేయిని దన యెడమభుజముపై నుంచుకొని, కుడిచేతఁ బొదివిపట్టి మెల్లగా నడిపించినది. మోదుగులతోఁపు కడఁ ద్రోవ రెండుగాఁ జీలఁగా నుత్తరపుఁద్రోవఁ బట్టిరి. మూఁడు రాత్రులుపవసించిన చిన్నది, యమునితో వాదించి గెలిచిన చిన్నది, మగని బరువును మోయుచు నడవిచీఁకటిలో నడచినది. వరములిచ్చిన దేవుఁ డింటి వఱకు సాగనంపలేదు. ఆశ్రమమునకుఁ జేర్చినది యామె భుజమే. దివ్యశక్తి యంతయు నుడిగిన పిమ్మటఁ గాని రక్షణము పూర్తికాలేదని చూపుటకే కవి యీ ఘట్టమును నిలిపెనని తోఁచును.

ఎఱ్ఱన యరణ్యపర్వశేషమును బూరించిననాఁటినుండి యీ కథ యాంధ్రుల సొత్తైనది. కాని నాటకరంగమునందును, 1933లో సి. పుల్లయ్య దర్శకత్వమున వెలువడిన "సావిత్రి" చిత్రమునందును యమపాత్ర యధికప్రసిద్ధి కెక్కినది. వేమూరి గగ్గయ్య యముని పాత్ర ధరించిన చిత్ర మదియే. దండధరుని గర్జనము జనుల చెవులలో నిలిచినంతగా నా వినాశబ్దవిచారము నిలువలేదు. శ్రీ అరవిందుల "సావిత్రి" మహాకావ్యము వేఱొక త్రోవ. 1950, 1951 సంవత్సరములలోఁ బూర్ణముగాఁ బ్రకటితమై, యిరువదినాల్గువేల పాదములకు సమీపించిన యా కావ్యమున నాయిక పరాశక్త్యవతారమై, మృత్యువు నెదుర్కొనుతఱి దివ్యత్వముచేతనే ప్రకాశించును. అది యోగదర్శనమునకుఁ దగును. వ్యాసుని నడక దానికి విపరీతము: ఇచ్చటఁ గన్య దేవతవలెఁ బుట్టి మనుష్యస్త్రీయై గెలిచినది. ఒకదాని యర్థమును వేఱొకదానియం దారోపించుట విమర్శధర్మము గాదు.

ఇఁక మాంచాల. శ్రీనాథకృతముగాఁ బ్రసిద్ధమై, 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారిచేఁ బ్రకటితమైన పల్నాటివీరచరిత్రమున నామెకుఁ దేజోమహిమ లేవియు లేవు. చిరకాలము భర్తచే నుపేక్షింపఁబడిన బాలిక యామె. యుద్ధమునకుఁ బోవుచు సెలవడుగుటకు వచ్చిన బాలచంద్రుని నిలిపివేయుమని యత్త ఐతాంబ వర్తమానమంపెను. నిలుపుట కామెకు నాఁటిరాత్రి శక్తియుఁ గలదు, అభిలాషయుఁ గలదు. తెలిసియే యామె దాని నుపయోగింపక పంపివైచెను. ఆ పంపుట ధర్మమా, పెద్దల వైరములకుఁ బిన్నలను బలియిచ్చుటయా యనునది వేఱు విచారము. నాగులేటి యొడ్డున వీరులగుడి కడఁ గార్తికమాసపుటమావాస్యకు జరుగు నుత్సవమున వీరుల పేరులు వినునప్పుడెల్ల నా ప్రశ్న కదలకపోదు. కాని యొకటి మాత్రము నిశ్చితము. బాలచంద్రుని మరణ మామెయందుఁ దేజోలోపముచేతఁ గలిగినది గాదు, సత్యవంతుని జీవితము సావిత్రియందుఁ దేజోధిక్యముచేత నిలిచినదియుఁ గాదు. ఇరువురును మహిమ లేనిచోట బుద్ధి నిలుకడతోఁ దాము చేయవలసినదానిని నిశ్చయించుకొన్నవారే. ఫలము దైవాధీనము, నిశ్చయము వారిది.

పలనాటిజను లిరువురను సమానముగాఁ గొనియాడుటయం దవిచారము లేదని యింతటఁ దేలినది. స్త్రీ గొప్పతనమును మగని యాయుర్దాయముతోఁ గొలుచు కొలత వ్యాసునికిఁ దెలియదు. సావిత్రికథ వినిపించునప్పుడు మగఁడు పోయిన యాఁడుది యొకతె యా శ్రోతలలోఁ గూర్చుండి తలవంచుకొనెనేని, ఆ తప్పు కథది గాదు, చెప్పినవానిది.