వార్తావాక్యంలో కర్త: జర్నలిజం బోధనకు తెలుగు వ్యాకరణం చేయగల సాయం

ఉపోద్ఘాతం

జర్నలిజం విద్యార్థికి తొలి పాఠాల్లోనే ఆరు ప్రశ్నలు నేర్పుతారు: ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. పారిశ్రామిక ప్రాంతాల నుంచి వచ్చే తెలుగు వార్తలను ఈ ఆరింటితో పరీక్షిస్తే, ‘ఎవరు’, ‘ఎందుకు’ అనే రెండింటికి తరచు జవాబు దొరకదు. విలేకరి అశ్రద్ధనో, యాజమాన్య ప్రయోజనాలనో దీనికి కారణంగా చూపడం పరిపాటి. ఆ కారణాలు ఉండవచ్చు. అయితే వాక్యనిర్మాణంలోనే మరొక కారణం ఉందనీ, దానిని గుర్తించే సాధనం తెలుగు శాఖల వద్ద ఉండి కూడా జర్నలిజం తరగతికి తగినంతగా చేరలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్, పటాన్‌చెరు, పాశమైలారం పరిసరాలు ఇందుకు పరిశీలన క్షేత్రం. ఇక్కడ ఉదాహరించిన వాక్యాలు ఏ ఒక్క పత్రిక నుంచీ తీసినవి కావు. వాడుకలో స్థిరపడిన నమూనాలను అనుసరించి కూర్చినవి.

బోధనలో రెండు పాయలు

కందుకూరి ‘వివేకవర్ధని’ (1874) నుంచి సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ (1926) దాకా పత్రికా కార్యాలయమే పాఠశాల. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో జర్నలిజం శాఖ ఏర్పడడంతో ఈ విద్య కళాశాల ప్రాంగణంలోకి వచ్చింది. 1974లో మొదలైన ‘ఈనాడు’ ఆ తరువాత సొంతంగా జర్నలిజం పాఠశాల నడిపింది. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్త అక్కడ ప్రధానాచార్యులుగా పనిచేశారు. మొదటి పాయలో సిద్ధాంతాలు, చరిత్ర, చట్టాలు ప్రధానం. రెండో పాయలో సరళమైన, దోషాలు లేని వాక్యం ప్రధానం. రెండింటి ఉపకారమూ కాదనలేనిది. కాని దోషం లేని వాక్యం దానంతటదే బాధ్యత గల వాక్యం కాజాలదు. ఏ క్రియను ఎంచుకుంటే ఎవరు వాక్యంలోకి వస్తారు, ఎవరు జారిపోతారు అన్న చర్చకు ఈ రెండు పాయల్లోనూ దక్కిన చోటు తక్కువ.

అకర్మక క్రియ చాటున

‘చెరువు కలుషితమైంది’, ‘చేపలు మృత్యువాత పడ్డాయి’, ‘మంటలు చెలరేగాయి’. మూడూ సరళమైనవే, సహజమైనవే. మూడింటిలోనూ పని చేసినవాడు లేడు. ‘కలుషితం చేయు’ అన్న సకర్మకానికి కర్త, కర్మ రెండూ కావాలి. ‘కలుషితమవు’ అన్న అకర్మకానికి చెరువు ఒక్కటే చాలు. నీటిపాలైన చెరువే తన స్థితికి కర్తగా నిలుస్తుంది. ‘మృత్యువాత’లో చేపలు తామే మృత్యువు నోట్లోకి వెళ్లి పడతాయి.

ఆంగ్ల జర్నలిజం పాఠ్యగ్రంథాలు కర్మణి ప్రయోగాన్ని వద్దంటాయి, అది కర్తను దాచగలదు కనుక. ఆ సూత్రం తెలుగు తరగతిలోకి ఉన్నదున్నట్టుగా వస్తోంది. ‘బడు’ చేర్చిన కర్మణి వాక్యం తెలుగు వాడుకకు ఎలాగూ కృతకమే. కాబట్టి విద్యార్థి సులభంగా దానిని విడిచిపెడతాడు, నియమం పాటించానని తృప్తి పడతాడు. తెలుగులో కర్త దాగే ప్రధాన స్థానం అది కాదు. ‘అవు’ చేరిన అకర్మక క్రియల్లో, ‘చేపల మృతి’, ‘వ్యర్థాల విడుదల’ వంటి నామపదాల శీర్షికల్లో అతడు దాక్కుంటాడు. అరువు తెచ్చుకున్న సూత్రం కాపలా కాసే వాకిలి ఒకటి, కర్త బయటికి వెళ్లే వాకిలి మరొకటి.

నామకరణంలోనూ ఇదే సమస్య ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో కార్మికులు మరణించారు. ‘పేలుడు’ అనేది జరిగినదానికి పేరు. ‘ప్రమాదం’ అనేది జరిగినదానిపై ఒక నిర్ణయం, అనుకోకుండా జరిగిందన్న ధ్వని అందులో ఉంది. విచారణ మొదలు కాకముందే రెండో మాట వాడడం భాషలో తీర్పు చెప్పడమే అవుతుంది.

‘తెలిసింది’, ‘అట’

రుజువు లేకుండా కర్తను పేర్కొంటే పరువునష్టం కేసు ఎదురవుతుందన్న అభ్యంతరం సబబైనదే. కర్త తెలియనప్పుడు అకర్మక వాక్యమే నిజాయితీ గల వాక్యమని కూడా వాదించవచ్చు. అయితే నేరం మోపడానికీ మౌనానికీ నడుమ మూడో మార్గం ఉంది: చెప్పినవారిని కర్తగా నిలపడం.

పల్లె వాడుకలో ‘అట’ ఈ పని చేస్తుంది. ‘రాత్రి ట్యాంకర్ వచ్చిందట’ అన్నవాడు తాను చూడలేదనీ, విన్నాననీ ఒక్క ప్రత్యయంతో ఒప్పుకుంటాడు. వార్తాభాష దీనిని గాలివార్తగా ఎంచి పక్కన పెట్టి, ‘తెలిసింది’, ‘తెలుస్తోంది’, ‘సమాచారం’ అన్న మాటలను స్వీకరించింది. ఎవరికి తెలిసింది, ఎవరి ద్వారా తెలిసింది అన్నవి వీటిలో ఉండవు. వినికిడిని వినికిడిగా చెప్పే ‘అట’ కంటే, వినికిడికి జ్ఞానపు రూపమిచ్చే ‘తెలిసింది’ ఎక్కువ అపాయకరం.

మూడో మార్గానికి ఒక నమూనా ఈ ప్రాంతం మీదనే ఉంది. లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన, పటాన్‌చెరు సమీపంలో సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా ఉన్నట్టు నమోదు చేసింది. కొన్ని సూక్ష్మజీవులను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైబడిన పరిమాణం. ఎవరు కొలిచారు, ఏ నీటిని, ఎంత అన్నవి ఇందులో స్పష్టం. ఏ ఒక్క పరిశ్రమనూ దోషిగా ప్రకటించకుండానే, ‘చెరువులు, వాగులు కలుషితమయ్యాయి’ అన్న వాక్యం చెప్పలేనిది ఇది చెబుతుంది.

శిఖం, ఎఫ్‌టీఎల్, బైట్

అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చెరువుల ఆక్రమణ వార్తల్లో నేడు వినిపించే మాట ‘ఎఫ్‌టీఎల్’. తెలంగాణ పల్లెకు ‘శిఖం’ తెలుసు. మొదటిది పూర్తి నీటిమట్టపు హద్దును సూచించే సాంకేతిక పదం; రెండోది చెరువు కింద మునిగే నేలకు పేరు. రెండూ ఒకటి కావు గాని, శిఖం అన్న మాటతో ఆ నేల నీటిదన్న స్పృహ వస్తుంది. సంక్షేపాక్షరాల్లో ఆ స్పృహ ఉండదు. విద్యార్థికి రెండు మాటలూ, వాటి తేడా తెలియాలి.

దృశ్యమాధ్యమ శిక్షణలో ఈ అంతరం మరింత ప్రస్ఫుటం. కథనానికి వ్యాఖ్యానం ప్రమాణభాషలో సాగుతుంది; స్థానికుడి బైట్ మాండలికంలో ఉంటుంది. విశ్లేషణ అధికారిది, ఏడుపు బాధితుడిది అన్న పంపకం కూర్పు బల్ల మీదనే జరిగిపోతుంది. వి6 ఛానల్ ‘తీన్మార్’ తెలంగాణ మాండలికాన్ని తెర మీద నిలిపింది; అయితే అది ప్రధానంగా వ్యంగ్యానికి దక్కిన స్థానం. ఒడియా, భోజ్‌పురి మాట్లాడే కార్మికుడికి ఆ స్థానం కూడా లేదు. అతని మాట ‘వలస కూలీల ఆవేదన’ అన్న పట్టీ కింద అనువాదం లేకుండా ముగుస్తుంది.

ముగింపు

రెండు సూచనలు. మొదటిది, వార్తారచన పాఠంలో కారక విశ్లేషణను అభ్యాసంగా చేర్చాలి: ఒకే సంఘటనను అకర్మక, సకర్మక, అనుకరణ వాక్యాలుగా మూడు విధాల రాయించి, ఒక్కొక్క దానిలో మిగిలిందెవరో, జారిందెవరో విద్యార్థి చేతనే గుర్తింపజేయాలి. చిన్నయసూరి నుంచి ఆధునిక భాషాశాస్త్రం దాకా ఉన్న సామగ్రి ఇందుకు చాలు. రెండోది, భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో (1962), నేత పదాలతో (1971) వేసిన బాటను పారిశ్రామిక వాడకు పొడిగించాలి. రియాక్టర్, షిఫ్ట్, కాంట్రాక్టు మేస్త్రీ, నాలా, తూము, అలుగు, శిఖం చుట్టూ ఇక్కడి కార్మికులు, రైతులు, జాలర్లు నిత్యం వాడే మాటలను తెలుగు, జర్నలిజం విద్యార్థులు కలిసి సేకరించవచ్చు. కర్తను వెతకడం నేర్చిన విద్యార్థికి ఆ మాటలు చెప్పేవారు కూడా పరిచయమైతే, ‘ఎవరు’ అన్న ప్రశ్నను అడగవలసిన చోటు అతనికి తెలుస్తుంది.