గచ్చులోని పూతరేకులు

పూర్వము మేడ కట్టదలచినవారు చదును చేసిన నేలపై వలయాకారమైన కాలువ కట్టించి, అందు సున్నమును ఇసుకను ఇటుకపొడిని పోసి, నీరు చిలకరించుచు, ఎద్దు లాగెడి రాతిచక్రమును పలుమారులు త్రిప్పించి, వెన్నవంటి గచ్చును నూరించెడివారు. ఆ ముద్దను వ్రేళ్ళ నడుమ రాచి, గరుకు తగిలినచో మరల గానుగ త్రిప్పుమనెడి మేస్త్రీకి రసాయనశాస్త్రము తెలియదు. అయినను ఆతడు సిద్ధము చేయుచున్నది, ఆ శాస్త్రము చాలకాలమునకు గాని పేరు పెట్టజాలని పదార్థమే.

ఒట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మెల్లగా రాయి యగును. గాలి చొరని గోడ నడుమ దానికి గట్టిపడు దారి లేదు. కాల్చిన మట్టిలోని సిలికాతో కూడినప్పుడు మాత్రము తడిసున్నము, గాలితో పని లేకయే, నీటి సాన్నిధ్యమున కాల్షియం సిలికేటు హైడ్రేటు అను బంధకముగా మారును.

ఇట్టి బంధకముల కుటుంబమునకు ఆదర్శరూపము టోబర్మొరైటు. స్కాట్లండులోని మల్ ద్వీపమున, టోబర్మొరీ ఊరి పేరు పెట్టుకొన్న ఈ ఖనిజమును హెడిల్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు 1880లో వర్ణించెను. దాని లోపలి కట్టడమును మెగా, కెల్సీ అను శాస్త్రజ్ఞులు 1956లో ఎక్స్-కిరణముల సాయమున నిరూపించిరి.

పూతరేకును తలచుకొన్నచో ఆ కట్టడము సుబోధకమగును. నడుమ కాల్షియం, ఆక్సిజను పరమాణువుల పలుచని రేకు; దానికి ఇరువైపుల సిలికా గొలుసులు. ఒక్కొక్క సిలికాను చుట్టును నాలుగు ఆక్సిజనులు చేరి చతుర్ముఖి యేర్పడగా, కోలాటమున రెండడుగులు లోనికి వేసి మూడవది వెలికి వేసినట్లు, రెండు చతుర్ముఖులు కాల్షియమును పట్టుకొని యుండ, మూడవది బయటికి తిరిగి యుండును. రేకుల నడుమ చక్కెరవలె నీరును, కొంత కాల్షియమును నిలుచును. సెంటీమీటరులో పది కోట్లవ వంతు ఆంగ్‌స్ట్రామ్ అనుకొన్నచో, నీరు నిండుగా నున్న రూపమున రేకుకు రేకుకు ఎడము సుమారు 14 ఆంగ్‌స్ట్రాములు. వేడిచేసిన కొలది నీరు వెడలి, ఎడము సాధారణముగా 11కు, సుమారు 300 డిగ్రీల వద్ద 9కి దిగును. ఈ సంఖ్యలే ఆ మూడు రూపములకు పేర్లైనవి.

సున్నముతో కలుపుటకు, ఇటుకపొడి చోట, రోమనులు నేపుల్సు చెంతనున్న పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత భస్మమును వాడిరి. రేవుకట్టలకు రెండు పాళ్ళ భస్మమునకు ఒక పాలు సున్నమని రోమను వాస్తుశిల్పి విట్రూవియసు వ్రాసి యుంచెను. రెండువేల యేండ్లుగా సముద్రజలము ఊరుచున్న ఆ కట్టలనుండి తొలిచి తీసిన ముక్కలలో అల్యూమినియము కలిసిన టోబర్మొరైటు స్ఫటికములు కానవచ్చినవి. ఇతర కట్టడములను కొరికివేయు ఉప్పునీరే, భస్మమును కరిగించి, ఇచ్చట క్రొత్త ఖనిజములను పెంచినది.

మన గచ్చులోని బంధకమునకు అంతటి స్ఫటికక్రమము లేదు. నేటి సిమెంటులోని జిగురుకును లేదు. రెంటియందును రేకుల పోలిక మాత్రము టోబర్మొరైటుదే. అయినను పాత గచ్చుగోడపై గట్టి సిమెంటు పూసినచో, లోని తేమ వెడలలేక, మెత్తని సున్నము పొరలు పొరలుగా రాలును. ఆ గోడకు గచ్చే తగిన మందు. గోడ లేచిన పిదప మేస్త్రీ దినముల తరబడి దానిపై నీరు చల్లుచుండెడివాడు. ఎండ కొంత తాగినది. తక్కిన దానిలో కొంత, రేకుల సందులలో చిక్కి, ఆ గోడలోనే రాయియై నిలిచినది.