చప్పట్ల ఛందస్సు

ఆశుకవిత్వమనగానే మనకు తిరుపతి వేంకటకవులు స్మరణకు వత్తురు. అది న్యాయమే. కాని పృచ్ఛకులు, సభాధ్యక్షుడు, శాలువ లేనిచోట అప్పటికప్పుడు పుట్టిన పాటను మన విమర్శ ఏమని పిలిచినది? జానపదమని ప్రక్కకు పెట్టినది. పాట నిలిచినది, పాడినదాని పేరు పోయినది.

అమెరికాలోని నల్లజాతి బాలికల విషయమునను ఇట్లే జరిగినది. 1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్సులో పుట్టిన హిప్‌హాప్‌ను చిరకాలము యువకుల కళగానే వర్ణించిరి. ఆ తొలి నృత్యవిందును ఏర్పాటు చేసినది సిండీ కాంబెల్; చరిత్రకెక్కినది మాత్రము గ్రామఫోను పలకలు త్రిప్పిన ఆమె అన్న కూల్ హెర్క్. చప్పట్లాటలు, తాడాటలే ఆ బాలికలకు సంగీతపాఠశాల యని కైరా గాంట్ 2006 నాటి గ్రంథమున చూపినది. 2000లో నెల్లీ అను గాయకునికి కీర్తి తెచ్చిన ‘కంట్రీ గ్రామర్’ పల్లవి అట్టి చప్పట్లాట నుండి వచ్చినదే.

1984లో యుటిఎఫ్ఓ అను పురుషబృందము తమను లెక్కచేయని రాక్సాన్ అను కల్పితయువతిపై పాట కట్టినది. 14 ఏండ్ల బాలిక ఒకతె రాక్సాన్ షాంటే యను పేర బదులు పాటను ఆశువుగా అల్లినది. నాయిక కవికే ఎదురు పలికినది! మన ఆలంకారికులు నాయికలను ఎనిమిది విధములుగా విభజించిరి గాని ఈ తొమ్మిదవదానిని ఊహింపలేదు.

ఇట్టి బాలికలకు ‘శక్తినిచ్చుట’ అను మాట నాకు రుచింపదు. శక్తి వారియందున్నది, కొరవడినది శ్రోత. రూత్ నికోల్ బ్రౌన్ 2006లో ఇలినాయిలో ఆరంభించిన ‘సోల్‌హాట్’ బాలికలను దిద్దబూనక వారితో కూడి సృజించుటనే పనిగా పెట్టుకొన్నది. ఉపాధ్యాయురాలు వ్రాసియిచ్చిన ధైర్యవచనములను వల్లించు పిల్ల రాప్ చేయుట లేదు, పాఠమొప్పజెప్పుచున్నది.

సూరతు, జోల్వాల మరమగ్గముల సీమకు తెలంగాణ పద్మశాలి కుటుంబములు ఏనాడో తరలిపోయినవి. అచట నవరాత్రులలో గర్బా వలయమును, తెలుగువాడలలో బతుకమ్మ వలయమును చప్పట్లతోనే నడచును. ఒకతె చరణమెత్తగా తక్కినవారు ‘ఉయ్యాలో’ యందురు. ఎత్తుగడ చేతనైన పిల్ల మగ్గపు మోతను, అద్దెగదిని, తండ్రి రాత్రిపాళీని ఆ నడకలోనే ఇముడ్చవచ్చును. వలయము దానిని త్రోసిపుచ్చదు.

ఈ వలయమును మరీ పొగడరాదు. స్వగ్రామములలో అది దళితస్త్రీలను పలుమారు వెలుపలనే నిలిపినది. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనము తెచ్చువరకు వారి రచనలకు ప్రత్యేకముగా ఒక చోటు దొరకుటయే అరుదు.

మన సేకర్తలు సేకరించినవాని పేరును అట్టపై వేయుదురు. చరణము చేర్చిన బాలిక పేరును, చేర్చిన ఊరును, సంవత్సరమును చరణము ప్రక్కనే అచ్చువేయుటకు కావలసినది ఒక పంక్తి చోటు.