వేడెక్కు ప్రాసెసరు: వాడుకలోని చికిత్సలపై విమర్శ

క్రొత్తగా కూర్చిన కంప్యూటరు కొద్దిసేపటికే తనంతట తాను ఆగిపోవుట, లేదా ప్రాసెసరు ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటినట్లు తెరపై కనబడుట తరచుగా వినవచ్చు ఫిర్యాదు. దీనికి వాడుకలో మూడు చికిత్సలు కలవు. క్యాబినెట్టు మూత విప్పి ఎదుట టేబిలు ఫ్యాను పెట్టుట మొదటిది. థర్మల్ పేస్టును తుడిచి మరల మరల పూయుట రెండవది. ఇంకను పెద్ద కూలరును కొనుట మూడవది. వీనిలో ఏదియు సర్వదా తప్పు కాదు. కాని రోగమెచ్చటనున్నదో తెలియకమునుపే మందు నిర్ణయించుట ఈ మూడింటికిని సామాన్యమైన దోషము.

నెల్లూరు జిల్లా పడమటి భాగమందలి ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములను తీసికొని పరిశీలించినచో ఈ దోషము స్పష్టపడును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను మాట అచ్చటివారికి అతిశయోక్తిగా తోచదు. మే నెలలో గాలి వేడిమి 40 డిగ్రీలు దాటుట అక్కడ వింత కాదు. సలహాలిచ్చువారు చూపు 'సురక్షిత ఉష్ణోగ్రతల' పట్టికలలోనో, గది వేడిమి ఎంతయను మాట తరచుగా ఉండనే ఉండదు. చల్లని గదిలో కొలిచిన అంకెలను ఆత్మకూరు తరగతి గదికి ఉన్నవి ఉన్నట్లుగా అన్వయించుట శాస్త్రపద్ధతి కాదు.

ఒక చిన్న లెక్క చూడుడు. ప్రాసెసరు 65 వాట్ల శక్తిని వేడిగా మార్చుచున్నదనియు, దాని కూలరు ఒక్కొక్క వాటుకు 0.6 డిగ్రీల భేదముతో ఆ వేడిని గాలికి అప్పగించుచున్నదనియు అనుకొందము. అప్పుడు ప్రాసెసరు గాలికంటె 39 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండును. గది 25 డిగ్రీలైనచో తెరపై 64 కనబడును. గది 42 డిగ్రీలైనచో 81 కనబడును. యంత్రమొక్కటే, కూలరొక్కటే, దోషమేమియు లేదు. కనుక మొదట చూడవలసినది తెరపై అంకె కాదు, ఆ అంకెకును గది వేడిమికిని గల భేదము. ఎంత పెద్ద ఫ్యానైనను ప్రాసెసరును చుట్టునున్న గాలికంటె చల్లబరుపజాలదు.

భేదమే మిక్కుటముగా ఉన్నయెడల, వేడి ప్రవహించు దారిలో ఎచ్చటనో అడ్డు కలదన్నమాట. ఉదయగిరి కొయ్య గరిటెలకు పేరు పొందినది. మరుగుచున్న పులుసులో కొయ్య గరిటె పిడి చేతిని కాల్చదు. లోహపు గరిటె పిడి కాల్చును. రాగి కొయ్యకంటె రెండువేల రెట్లకు పైగా మేలైన ఉష్ణవాహకము. నిశ్చలమైన గాలి కొయ్యకంటెను చాల నీచమైన వాహకము. ప్రాసెసరు పైభాగమునకును కూలరు అడుగునకును నడుమ కాగితము మందము, అనగా 0.1 మిల్లీమీటరు, గాలిపొర పూర్తిగా నిలిచినదనుకొందము. 10 చదరపు సెంటీమీటర్ల వైశాల్యము గుండ 65 వాట్లు ఆ పొరను దాటుటకు సుమారు 250 డిగ్రీల భేదము కావలెను. దానికి ముందే యంత్రము ఆగిపోవును. అచ్చటనే అందులో సగము మందమున మంచి పేస్టు ఉన్నచో ఒక డిగ్రీ భేదము కూడ అక్కరలేదు. పేస్టు పని సందులలోని గాలిని వెడలగొట్టుట మాత్రమే. అతుకు సరిగా లేనిచోట ఎంత పూసినను ప్రయోజనము లేదు.

ఈ అతుకు విషయమున తయారుచేయువారును విమర్శకు అతీతులు కారు. 2004లో ఇంటెల్ ప్రవేశపెట్టిన నాలుగు ప్లాస్టిక్ మేకుల కూలరు పద్ధతియే 2021 నాటి కూలర్లలోను కొనసాగినది. స్క్రూ డ్రైవరు అక్కరలేకుండుట దాని గుణము. ఒక మేకు సగమే దిగినను పైనుండి చూచువానికి నాలుగును ఒక్కరీతిగా కనబడుట దాని దోషము. కూలరు ఒక మూల లేచియుండుటను కన్ను పట్టజాలదు. ఎ.ఎం.డి. సంస్థవారు 2017లో ఇచ్చిన చిన్న కూలరునకు స్ప్రింగు మరలు కలవు. అవి కడవరకు బిగిసినవో లేదో చేతికే తెలియును. మేకుల కూలరైనచో బోర్డు వెనుకనుండి నాలుగు మేకులును పూర్తిగా వెలికి వచ్చినవో లేదో చూడవలెను. క్రొత్త కూలరు అడుగున అంటించిన పారదర్శకపు పొరను ఒలువ మరచుటయు సామాన్యమైన పొరపాటే.

దోషమును గుర్తించుటకు కాలమే మంచి సాక్షి. చల్లారిన యంత్రమును ప్రారంభించి బయాస్ తెరపై ఉష్ణోగ్రతను చూడవలెను. ఒకటి రెండు నిమిషములలోనే అంకె పైపైకి ఎగబ్రాకినచో అతుకునో, తిరుగని ఫ్యానునో అనుమానింపవలెను. ఫ్యాను తీగ బోర్డుపై సి.పి.యు. ఫ్యాను అని గుర్తున్నచోటనే తగిలించియున్నదా అనియు చూడవలెను. అరగంటకు మెల్లగా పెరిగినచో క్యాబినెట్టులో గాలి ఆడుటలేదన్నమాట. మూత తీయగానే అంకె బాగుగా తగ్గినచో అది రుజువగును.

భారమైన పని చేయునపుడు మాత్రమే వేడెక్కినచో, శక్తి వ్యయమును చూడవలెను. 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసరునకు మూలశక్తి 65 వాట్లు. గరిష్ఠము 117 వాట్లు. వెనుకటి కూలరుతోనే లెక్కించినచో 117 వాట్లకు భేదము 70 డిగ్రీలు. 42 డిగ్రీల గదిలో ఇది 112 అగును. ఆ ప్రాసెసరు హద్దు 100 డిగ్రీలు గనుక అది తన వేగమును తానే తగ్గించుకొనును. ఇక్కడ మాత్రమే పెద్ద కూలరు న్యాయమైన మందు. బయాస్‌లో శక్తి పరిమితిని 65 వాట్లకు దించుట అంతకంటె చౌకయైన మందు.

ఈ విధముగా మూడు చికిత్సలకును తగిన స్థానము కలదు: అతుకు చెడినచో కూలరును సరిగా బిగించి పేస్టు పూయవలెను, గాలి ఆడనిచో క్యాబినెట్టునకు గాలి దారి చేయవలెను, శక్తి హెచ్చినచో పెద్ద కూలరు వేయవలెను. మారవలసినది వరుస మాత్రమే. ముందు కొలత, పిమ్మట కారణము, ఆ తరువాత ఖర్చు. పాఠశాలలో ఒకటి రెండు కంప్యూటర్లే ఉన్నచోట అక్కరలేని కూలరునకు పెట్టిన సొమ్ము తక్కువ నష్టము కాదు. అంతకు మించిన నష్టము, ఊహతో వస్తువులు మార్చుటయే విజ్ఞానమని విద్యార్థి నేర్చుకొనుట. ఇనుప కడ్డీకి మైనముతో గుండుసూదులు అంటించి ఉష్ణవహనము చూపు ఉపాధ్యాయుడు, గోడనున్న థర్మామీటరు అంకెను, తెరపై అంకెను ప్రక్కప్రక్కన నల్లబల్లపై వ్రాయించి తీసివేత చేయించినచో, అదే పాఠము కంప్యూటరు గదిలోను సాగును.